బొగ్గు లెక్క

మా సోమ్ బడి వసతిగృహంలో పొయ్యి మనిషిని నేను.
పేరు హందా. వయసు అడగొద్దు,
ఎత్తిపోసిన బూడిద బకెట్లు అడగండి, చెబుతాను.

నలభై మంచాలు, అరవై మూడు మంది పిల్లలు.
చిన్నవాళ్లు తలా తోకా వేసుకుని ఒదుగుతారు,
నిద్రలో తన్నుకుంటారు, పొద్దున మరిచిపోతారు.
పదో తరగతికొచ్చేసరికి కాళ్లు పొడుగవుతాయి.
కాళ్లు పొడుగైనవాళ్లకు
సర్కారు పుస్తకంలో మంచం పొట్టి.

బయట మైనస్ ముప్పై ఎనిమిది.
మరుగుదొడ్డి ఎనభై అంగల అవతల, చీకట్లో.
ఆడపిల్లలు మధ్యాహ్నం నుంచీ చాయ్ ముట్టరు.
దాహాన్ని బిగబట్టుకుని
త్రికోణమితి చదువుతారు.
దీన్ని ఏ ఖాతా కింద రాయాలని
లెక్కల గుమాస్తాను అడిగాను. నవ్వాడు.

శగ్దర్ అని ఒకడుండేవాడు,
పదోదిలో జనవరి దాకా.
ఇప్పుడు గని దగ్గర లారీలకు టైర్లు మారుస్తున్నాడట.
ఆ గనిలోంచే మా బొగ్గు,
వచ్చినప్పుడు.
ఒక్కో గడ్డనూ తిప్పి చూసి గాని పొయ్యిలో వేయను.
ఎందుకో నాకే తెలీదు.

అక్టోబరులో రాజధాని నుంచి ఇద్దరొచ్చారు,
టేపు పట్టి గోడలు కొలిచారు.
"పిల్లలు తొమ్మిదితోనే ఎందుకు ఆగిపోతున్నారు?"
కాగితం చూసి అడిగారు.
నాకు మాటలు తక్కువ.
బొగ్గు గది తలుపు తీశాను.
లోపల ఒక పార, దాని నీడ.
"అంచనాల్లో పెడతాం" అన్నారు.
అంచనా మండుతుందా? మండితే ఎంతసేపు?

ఇక రద్నా సంగతి.
పదకొండో తరగతి.
పోయిన చలికాలం జుద్ పడి
గడ్డి మీద మంచు గాజులా బిగిసి
వాళ్ల నాలుగు వందల గొర్రెలూ నిలబడ్డచోటే పోయాయి.
తండ్రి అదియా, మంద లేని కాపరి,
నవంబరులో అరువు లారీలో దిగాడు.
కూతుర్ని తీసుకుపోతాడనుకున్నాం.
ఆమె అప్పటికే పెట్టె సర్దేసింది,
తాళం పడ్డ చప్పుడు విన్నాను.

లారీలో పిడకలు.
పిడకలు కూడా కాదు,
ఖాళీ పడ్డ దొడ్డి నేలను
గడ్డపారతో పలకలు పలకలుగా పెళ్లగించి తెచ్చాడు.
ఏళ్ల తరబడి గొర్రెలు తొక్కి తొక్కి
రాయి చేసిన పెంట.
"మంచం డబ్బు కట్టలేను. వేడి కడతాను"
అన్నాడు, నన్ను కాక నా పొయ్యిని చూస్తూ.

ఆ రాత్రి పెద్దపిల్లల గది వెచ్చబడింది.
పోయిన మంద తిరిగొచ్చి
కిటికీ మంచు నాకినట్టు
గాజు మీద నీళ్లు కారాయి.
వేళ్లు ఊదుకోకుండా రాసుకున్నారు.
వాసన ఉంది, లేకేం?
ఎవరూ ముక్కు మూసుకోలేదు. అందరికీ అది ఇంటి వాసనే.

రద్నా లెక్కల్లో చురుకు.
నా బొగ్గు రిజిస్టరు లాక్కుని
దొడ్డి పొడవు, వెడల్పు, పలక మందం వేసింది,
రోజుకు ఆరు చొప్పున భాగించింది,
అడుగున గీత గీసింది.
దొడ్డి మార్చి పదకొండుకు అయిపోతుంది.
పరీక్షలు జూన్‌లో.
ఆ తీసివేతకు జవాబు రాయలేదు.
ప్రశ్నార్థకం ఒకటి పెట్టి, పెన్ను మూసి
పడుకోవడానికి వెళ్లింది.

ఆ పేజీనే పై ఆఫీసుకు పంపాను.
శుభ్రంగా తిరగరాసి పంపమన్నారు,
మసి వేలిముద్రలు లేకుండా.

ఇవాళ ఫిబ్రవరి ఇరవై. పలకలు నూట పద్నాలుగు.
తెల్లవారుజామున ఒకటి వేయాల్సిన చోట
సగమే వేస్తున్నాను,
మిగతా సగం గోడ వెనక దాస్తున్నాను.
పిల్లలకు తెలియదనే అనుకున్నాను.
నిన్న వెళ్లి చూస్తే
ఆ కుప్ప
నేను దాచినదానికంటే కాస్త ఎత్తుగా ఉంది.