పాటు నీళ్ల వేళ

ఉమ్ అల్ కువైన్ ఖోర్‌లో నీళ్లు వెనక్కి తీశాయి.
మడచెట్ల వేళ్లు బురదలోంచి
స్లాబు పొయ్యని పిల్లర్ ఊచల్లా నిలబడ్డాయి.

వారమంతా ఊచలు కట్టిన చేతులు,
ఫోన్ నిలకడగా పట్టడం రాదు.
కొంగ ఉంది.
నొక్కేలోగా లేదు.
దాని కాలిగుర్తులు మాత్రం పడ్డాయి,
అవీ మసగ్గా.

సిరాజుల్‌ది బరిసాల్.
ప్రతి పిట్టకీ వాడి దగ్గరో పేరు, నా దగ్గరో పేరు,
మధ్యలో మా వచ్చీరాని హిందీ.
పిట్ట దేనికీ పలకలేదు.

గట్టు మీద ఇసుకలో పసుప్పచ్చగా ఏదో.
వంగి చూస్తే, ఓరి, పల్లేరు!
దీని ముల్లుని తిట్టినవాళ్లే గానీ
పువ్వు ఊసెత్తినవాళ్లు మా ఇంట్లో లేరు.
అయిదు రేకులు. ఒకదాని మీద చీమ.
నొక్కబోతే ఫోన్‌లో జాగా లేదంది.

ఏది తీసెయ్యను?
పాస్‌పోర్టు కాపీనా?
మేస్త్రీ రాసిచ్చిన ఓవర్‌టైం లెక్కా?
పద్నాలుగో అంతస్తులో హెల్మెట్ పెట్టుకుని నేను,
ఒకేలాంటివి ఆరున్నాయి.
అయిదు తీసేశాను.

రాత్రి బంకు మీద ప్యాంటు మడుస్తుంటే
చురుక్కుమంది, పల్లేరుకాయ.
పారెయ్యబోయి
దానికీ ఓ ఫోటో తీశాను.
ఇంకా మూడింటికి చోటుంది.