చీకటి బాకీ

పదకొండేళ్ళు పైడిభీమవరంలో
రాత్రి డ్యూటీ చేసింది దాలమ్మ.
నిద్రమాత్రలు అట్టల్లోకెక్కించే పని,
మెలటోనిన్ అంట.
ఆ ట్యూబులైట్ల కింద
మనిషికి నీడైనా పడేది కాదంట.

ఇప్పుడు రొమ్ములో గడ్డ.
శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మూడో కీమో.

"ఆ మాత్ర దీనికీ పనికొస్తాదా బాబూ?"
కుర్ర డాక్టరు పెన్నుకి మూతెట్టాడు.
"చూస్తున్నారు. ఇంకా తేలలేదు. కీమో మాత్రం మానకండి."
గుమ్మం దాకా వచ్చి మళ్ళీ,
"చీకటైతే మన ఒంట్లోనే ఊరుతుందది."

ఊరుతుందా!
ఎదర చికెన్ కొట్టు బల్బు
తెల్లవార్లూ దాని మొహమ్మీదే.
నాలుగు మేకులు తెచ్చి
కిటికీకి నల్ల గొంగళి కొట్టేశాను.

"ఏటి మావా, ఈ గుడ్డి సీకటి?"
"తొంగో. పదకొండేళ్ళ బాకీ."

నవ్వింది.
బోడితల మీద చెయ్యేశాను, వెచ్చగా ఉంది.
ఎప్పుడు నిద్దరోయిందో
ఆ చీకట్లో
నాకు కనబడలేదు.