మడమల గుంటలు

ట్రోండ్‌హైమ్‌లో నవంబరు రాగానే
వీధుల్లో మంచు మీద కంకర చల్లుతారు.
ఏప్రిల్ దాకా అది మా ఇంట్లోనే కాపురం.
బూట్ల అడుగున గాడుల్లో, కుక్క కాలివేళ్ళ సందుల్లో,
స్కీ సంచి మడతలో దూరి వస్తుంది.
గుమ్మం నుంచి వంటింటికి మా నడవ పదకొండు అంగలు.
ఎవరూ కూర్చోని చోటు. అందరూ తొక్కే చోటు.
ముగ్గురు పిల్లలు, కుక్క,
రాత్రి డ్యూటీ నుంచి బూట్లు విప్పకుండా వచ్చే తార్యెయ్.

లినోలియం పొక్కి లేచింది. మార్చాలనుకున్నాం.
దుకాణంలో చెక్క ముక్కలు ఒక్కొక్కటే చేతికిచ్చారు.
గోరుతో నొక్కి చూశాను.
పైన్ వెంటనే లొంగింది, నెలవంక పడింది.
బీచ్ గట్టిదే గాని తడికి ఉబ్బుతుందట,
ఎండితే ముడుచుకుంటుందట.
అలిగేవాళ్ళు ఇంట్లో ఒకరు చాలు నాకు.
యాష్ మరీ తెల్లన, ప్రతి మట్టి అడుగూ సాక్ష్యం చెబుతుంది.
ఓక్ నా గోరుని లెక్కచేయలేదు.
ధర చూసి తార్యెయ్ ఆ ముక్కని
నిద్రపోయే పిల్లని పడుకోబెట్టినట్టు
మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

నేల పనివాడు ఐలర్ట్ వచ్చాడు.
మోకాళ్ళకి తోలు పట్టీలు, చెవి మీద పెన్సిలు.
పలకరింపు లేకుండా లినోలియం ఒక మూల లేపాడు.
కింద పాత వార్తాపత్రికలు, వాటి కింద
తేనె రంగు తిరిగిన పైన్ పలకలు, జానెడు వెడల్పువి.
"నేల మీ దగ్గరే ఉంది," అన్నాడు. "సబ్బు కొనుక్కోండి."

పలకల మీద ఒక బాట అరిగి ఉంది.
గుమ్మం దగ్గర మొదలై తిన్నగా వచ్చి
సగం దూరంలో గోడవైపు వంగి,
దేన్నో తప్పుకుని, మళ్ళీ దారిలో పడింది.
దేన్ని? అక్కడేమీ లేదు.
పక్కన రెండు గుంటలు, చెంచా బొజ్జంత,
ఎడమది కాస్త లోతు.

పై అంతస్తు బోర్గిల్డ్ మెట్ల మీంచి వంగి చూసింది.
"మగ్గం," అంది. "గున్‌వోర్‌ది. గదిలో పట్టక నడవలో పెట్టుకుంది.
పోస్టుమాన్‌తో సహా అందరం పక్కకి ఒదిగి నడిచేవాళ్ళం.
కుడికాలు పొట్టి ఆమెకి. బరువంతా ఎడమ మడమ మీదే."
స్టవ్ మీద బంగాళదుంపలు గుర్తొచ్చి
మాట మధ్యలో పైకి వెళ్ళిపోయింది.

ఐలర్ట్ యంత్రానికి ప్లగ్గు పెట్టి ఆగాడు.
"ఎంత గీకమంటారు?
మూడు మిల్లీమీటర్లు తీస్తే బాట పోతుంది.
ఆరు తీస్తే ఆమె పోతుంది.
మేకుల తలలు పైకొస్తాయి, అది వేరే సంగతి."
తార్యెయ్ నా వంక చూశాడు. నేను గుంటల వంక.
"పేళ్ళు లేచిన చోట మాత్రం," అన్నాను.

బూట్లు మొదట పడే గుమ్మం దగ్గర
కుళ్ళిన మూడు పలకలు తీసి ఓక్ వేశాడు.
రంగు కలవలేదు.
"కలుస్తుంది లెండి, మీరు చూడటం మానేశాక."

డబ్బు లెక్కపెట్టుకుని, వాకిట్లో నిలబడి
అప్పగింతలు పెట్టాడు.
బయట ఇనప జల్లెడ, లోపల ముతక చాప, రెండూ ఉండాలి.
కంకర ఊడ్చాకే తుడుపు.
తడిగుడ్డ కింద రాయి ఉలి అవుతుంది.
గుడ్డ పిండండి, ఇంకోసారి పిండండి.
సబ్బు చెక్క చార వెంట, అడ్డంగా వద్దు.
బెంచీ కాళ్ళకి ఫెల్టు ముక్కలు.
కుక్క గోళ్ళ సంగతి మీరూ మీ కుక్కా తేల్చుకోండి.

ఇది నాలుగో శీతాకాలం.
సేవ్‌రిన్ స్కీ కర్ర మొన దిగిన చోటు ఒకటి,
ఇంగెబోర్ బెర్రీ రసం ఒలికించి
చాప జరిపి మూడు రోజులు దాచిన మరక ఒకటి.
సబ్బు పట్టి పట్టి పైన్
కడిగిన బియ్యం రంగుకి పాలిపోయింది.

శనివారం పొద్దున్నే చీపురు పడతాను.
బాట వెంట సాఫీగా పోతుంది,
వంపు దగ్గర తనే తిరుగుతుంది.
గుంటల్లో మాత్రం పనిచెయ్యదు.
వారం కంకరంతా అక్కడే చేరుతుంది,
ఎడమ దాంట్లో ఎక్కువ.
మోకాళ్ళ మీద వంగి, పాత టీ చెంచాతో తోడి
కిటికీలోంచి వీధిలోకి విసిరేస్తాను.
సోమవారానికి మళ్ళీ వస్తుంది.