లేతపాకం

సబ్బు ముందు కలపకు, పిల్లా. జిగురు ముందు.
తోలు ఉడికించిన జిగురు, ఆ తర్వాతే నల్లసబ్బు.
ముక్కు మూసుకుంటే పని సాగదు,
రాణిగారి కప్పు పుట్టేది ఈ కంపులోంచే.

ఇందులో మట్టి ఎంతో తెలుసా? పిడికెడు.
మిగతాదంతా ఇసుక, సురేకారం, ఉప్పు, పటిక.
రెండు పగళ్ళూ రెండు రాత్రులూ వేయించి
గాజులా గడ్డకట్టాక
తిరగలికి ఎత్తేవాడు మా మతురాన్.
ఆ పొడి ఎంత తెల్లనిదంటే
నడివేసవిలో ఆయన దగ్గినా
గదిలో మంచు పడేది.
నలభై నిండకుండానే పోయాడు.

చీనావాళ్ళ దగ్గర ఏదో మన్ను ఉందట.
మన దగ్గర లేదు. లేనిదాన్ని
ఉన్నట్టు చేయడమే ఇక్కడి పని.

అప్పుడు దీన్ని ఏమనేవాళ్ళం?
పోర్సలిన్ అనే. ఒక్కటే మాట.
గుమాస్తా లెస్కురే చెప్పాడు ఓసారి,
ఆ మాట ఇటలీ ఓడల్లో వచ్చిందని,
అక్కడ దాని అర్థం గవ్వ అని,
గవ్వ వీపు పందిపిల్ల వీపులా ఉంటుందని
ఎవడో పెట్టిన పేరని.
నవ్వాను. పందిపిల్ల నుంచి గవ్వకి,
గవ్వ నుంచి చీనా గిన్నెకి,
చీనా గిన్నె నుంచి మా దొంగ గిన్నెకి.
నా కూలి మాత్రం చిల్లిగవ్వ దగ్గరే ఆగింది.

తర్వాత లిమోజ్ వైపు
అసలు మన్ను దొరికింది.
తెల్లగుడ్డ కప్పుకుని బండ్లమీద
పెళ్ళికూతురిలా దిగింది.
ఆ వారమే లెస్కురే ఖాతాలో గీత గీసి
రెండు గడులు చేశాడు.
కొత్తదానికి 'గట్టిది' అని రాశాడు.
మరి మనదానికి? అన్నాను.
కలం కొసతో చెవి గోక్కుని 'లేతది' అన్నాడు.

లేత!
పొద్దున్నే పొయ్యిలోంచి తీసిన రొట్టెకి అంటాం ఆ మాట,
దూడ మాంసానికి, పళ్ళు రాని చిగుళ్ళకి.
మతురాన్ నన్ను అన్నాడు ఒక్కసారి, సేన్ ఒడ్డున, తాగి.
ముప్పై ఏళ్ళు మా చేతుల్లో ఉన్నా
దీనికి ఆ పేరు లేదు.
రెండోది పుట్టిన రోజే కదా
మొదటిది పెద్దదయ్యేది.

'చేతికి మెత్తనని కాదు, ఒజాన్,
మంట ముందు నిలవదని' అన్నాడు.
నిజమే. ముదురుపాకం దాకా పోనివ్వకూడదు దీన్ని,
లేతపాకంలోనే దించాలి.
నాలుగు చితుకులు ఎక్కువైతే
కప్పు మూతి వాలిపోతుంది,
చర్చిలో కునికే ముసలాడిలా.
సగానికి సగం అలాగే పోయేవి.

ఆకురాయి తెచ్చి
రెండు కప్పుల అడుగునా రుద్ది చూపించాడు.
గట్టిదాని మీద గీత పడలేదు.
మనదాని మీద పడింది.
తెల్లని పొడి రాలింది బల్లమీద, చిటికెడు.
ఊదేయబోతుంటే
చెయ్యి అడ్డం పెట్టాను.

ఎందుకని అడగలేదు. మంచివాడు.

ఇక జిగురు చాలు. సబ్బు వెయ్యి.