ఎండ కొలత

పన్నెండోసారి గీసిన నక్షా ఇది.
మిగతా పదకొండూ చుట్టలు చుట్టి బీరువా మీద పడేశాను.

కమిటీ వాళ్లకు తోరణం కావాలి.
బస్‌స్టాపు మీద తోరణం, నల్లాబిల్లు మీద తోరణం,
మిఠాయి డబ్బా మీద తోరణం.
కొత్త బొమ్మలకు కట్టే ఇంటి ముఖానా అదేనా?
కోటలో ఆ రాళ్లు నాలుగు దిక్కులా నిలబడి
తమ పని తాము చేస్తూనే ఉన్నాయి కదా,
వాటికి సిమెంటు కవలలెందుకు?

నాకిచ్చిన జాగ మట్టెవాడ వెనక పాత మిర్చి గోదాం.
తొమ్మిదేళ్ల తాళం.
తెరిచిన రోజు నేనూ, సర్వేయరు అంకూసూ,
ఫైలు పట్టుకొచ్చిన అధికారీ
వరసగా తుమ్మాం.
గోడల్లో ఇంకా ఉంది తేజా ఘాటు.
లోపల సున్నం వేయొద్దని అక్కడే రాసుకున్నాను:
మొదటి ప్రదర్శన రెడీ,
పేరులేని హమాలీలు చేసింది.

పునాదికి గుంత తీస్తే మూడడుగులకే
నల్లరాయి ఒకటి అడ్డం తిరిగింది.
చెక్కడం సగంలో ఆగింది. హంస అనుకుంటా,
ముక్కు ఉంది, మెడ ఉంది, మిగతాదంతా రాయే.
పురావస్తు శాఖ వచ్చి చుట్టూ తాడు కట్టి వెళ్లింది.
మేస్త్రీ యాకయ్య బీడీ ఆర్పి అన్నాడు:
"అడుగున ఇసుక పోద్దాం మేడం.
భూమి కదిలితే ఇసుక కదుల్తది, గోడ నిలుస్తది.
పాతోళ్ల ముచ్చటే."
నేను చదివొచ్చిన కాలేజీలో
ఇసుక గురించి ఒక్క పేజీ. అదీ పరీక్షకు రాలేదు.

ఇదంతా ఎట్లాగో సర్దాను.
నన్ను ఆపింది ఒక దండెం.

గోదాంకు తూర్పున ఆడెపు భూలక్ష్మి ఇల్లు.
వాకిట్లో జంపఖానాలకు రంగద్దిన నూలు, ఎర్రవి, పచ్చవి,
ఒకటి మాత్రం ఏ రంగో ఆమెకూ పేరు తెలియనిది.
నా నక్షా చూసింది. గీతలను కాదు,
గీతల మీద పడ్డ నా చేతి నీడను చూసింది.
"మూడంతస్తులా బిడ్డా?
మరి నా నూలు ఎప్పుడెండాలె?"

లేజరు టేపు సంచిలో పడేసి
మూడు రోజులు ఆమె అరుగు మీద కూర్చున్నాను.
పుష్యమాసంలో పొద్దు ఎక్కడ వాలుతుందో,
నాలుగింటికి నీడ ఎన్ని జానలు పాకుతుందో,
సుద్దముక్కతో ఆమె గచ్చు మీదే గీసి
పక్కన టైము రాశాను.
ఆమె వాటిని తొక్కకుండా నడిచింది.

అందుకే ఈ కప్పు
ఆమె వాకిలి వైపు వంగింది.
పై హాలు పోయింది, కేఫ్ పోయింది,
పత్రికల్లో నా ఫొటో పడాల్సిన ఆ ఎత్తు పోయింది.
సగం హంస మీద అద్దం పరిచాను.
వెనక గోడకు ఒక్క కిటికీ మిగిలింది,
దండెం ఎత్తులో.

రేపు కమిటీ అడుగుతుంది:
ఈ వాలుకు అర్థమేమిటి, ఏ శైలి, ఏ శతాబ్దం?
చూపించడానికి నా దగ్గరున్నది
సుద్దగీతల ఫొటో ఒకటి.
అందులో ఓ మూల తడి నూలు నుంచి బొట్టు జారి
నాలుగున్నర చెరిగిపోయింది.