పౌనుకు ఇరవై నిమిషాలు

మా జేజినాయన చేతిరాత
ఒక్క కాయితంలో మిగిలింది.
జమ్మలమడుగు మిషన్ బంగళాలో
ముప్పై ఏండ్లు వంట చేసినోడు, యేసుపాదం.
దొరసాని నోట విన్నది విన్నట్టే రాసుకున్నాడు:
"సీమకోడి. పౌనుకు ఇరవై నిమిషాలు.
పైన ఇంకో ఇరవై."
కింద ఇంకో వరస ఉంది.
దాని మీద నెయ్యి పడి ఎన్నాళ్ళయిందో.

పౌనంటే ఎంతో నాకెట్ల తెలుస్తాది?
మందు మిల్లీగ్రాముల్లో, బిడ్డను కిలోల్లో
తూచే నర్సును నేను.

ముద్దనూరు దోవలో కొన్న టర్కీ కోడి
రెండు దినాలు మా మిద్దె మీద
ఎవరు దగ్గినా బదులు పలికింది.
మూడోనాడు ఉల్లిగడ్డల మండీలో కాటా ఎక్కింది.
ప్రాణంతో ఎనిమిది కిలోలు,
ఈకలూ పేగులూ పోతే ఐదూ ముక్కాలు.
"గోతం బరువు తీసెయ్యాల్నా అక్కా?"
గుమాస్తా ఓబులేసు నవ్వు.

నీటిపన్ను రసీదు వెనక లెక్క వేసినా.
ఐదూ ముక్కాలు కిలోలంటే పన్నెండున్నర పౌన్లు, మీద కొసరు.
ఇరవైతో హెచ్చవేసి, ఇంకో ఇరవై కలిపితే
రెండొందల డెబ్బై మూడు నిమిషాలు.
నాలుగున్నర గంటలు, పైన మూడు నిమిషాలు.
ఆ మూడు నిమిషాలు చూసుకుని
నాకు చానా గర్వమయింది.

బేకరీ మస్తాన్ వలీ రసీదు అటూ ఇటూ తిప్పినాడు.
"లెక్క బాగుంది మేడం.
మరి మంట ఎంతని రాసినాడు మీ జేజినాయన?"

రాయలేదు.
రోజూ పొయ్యి ముందర నిలబడేవాడికి
ఆ మాట రాసుకోవాలని తోచలేదేమో.

సర్కారు తుమ్మ కట్టెలు కాలి బూడిదైన భట్టీలోకి
మస్తాన్ వలీ కుడిచేయి మోచేతి దాకా పెట్టినాడు.
ఆ ముంజేతి మీద వెంట్రుకలు మొలిచి ఎన్నేండ్లయిందో.
ఏక్, దో, తీన్...
"రొట్టెకైతే ఐదు అనేలోపే చేయి ఎనక్కి రావాల.
నీ కోడికి పన్నెండు దాకా ఓర్చుకోవాల.
బన్నులు దించినాక పెడదాం.
పోను పోను మంట దిగతాది,
నీ నాలుగున్నర ఆరయినా అయితాది."

రాత్రి పదకొండుకు పెట్టినాం.
చర్చిలో పాటలు మొదలయ్యేసరికి
నేను మైదా మూటల మీద కూర్చోని ఉన్నా.
జ్వరం పేషంటును చూసినట్టు
గంటకోసారి లేచి పోతా భట్టీ దగ్గరికి.
"తీయొద్దు మేడం.
రేకు తీసినప్పుడల్లా పావుగంట ఎనక్కి పోతాది."
ముప్పై ఏండ్ల డ్యూటీలో
చేతులు ఒళ్ళో పెట్టుకోమని
నాకెవరూ చెప్పలేదు.

నాలుగుకు దబ్బనంతో తొడ గుచ్చినాడు.
నీళ్ళు ఇంకా ఎర్రగా.
రేకు మూసినాడు.
అజాన్ ముందర మళ్ళీ గుచ్చితే
తేటగా, దూదితో తుడిస్తే మరక లేకుండా.
కాలు పట్టి తిప్పితే
కరచాలనానికి ఇచ్చినట్టు వచ్చేసింది.
ఆరు గంటల పది నిమిషాలు.

కత్తి తీసినా.
అప్పుడు గుర్తొచ్చింది నెయ్యి పడిన వరస.
భట్టీ నోటి కాడ ఎర్రటి వెలుతురుకు అడ్డం పట్టుకుంటే
నెయ్యి తాగిన చోటే కాయితం పలచబడి
అక్షరాలు లోపల్నించి లేచినాయి:
"దించినాక అరగంట ముట్టుకోవద్దు."

కత్తి పక్కన పెట్టినా.
మస్తాన్ వలీ నమాజుకు పోతా పోతా
"కోసింది నేనే కదా, ఒక కాలు నాది" అన్నాడు.
ప్రొద్దుటూరు మొదటి బస్సు
స్టాండులో రెండుసార్లు హారన్ కొట్టింది.
తోలు చిటపటలాడి, మెల్లగా మాటలాపేసింది.

కాయితం అడుగున రెండు వేళ్ళ జాగా ఉంది.
మంట ఎంతో రాద్దామని పెన్ను తీసినా.
డిగ్రీలు నాకు తెలీవు, అతనికీ తెలీవు.
చానాసేపు ఆలోచించి ఇట్లా రాసినా:

మస్తాన్ వలీ ముంజేయి. పన్నెండు.