అలవాటైన పేజీ

బార్బడోస్ చెరకుతోట ప్రార్థనశాలలో
ప్రతి ఆదివారం అదే పేజీ.
పాదిరి వెతకక్కర్లేదు. పుస్తకమే
గానుగ గాడిదలా అక్కడికెళ్లి ఆగుతుంది:
దాసులు దొరలకు లోబడాలట.

క్వాషిబాకు అక్షరం రాదు.
బల్ల తుడుస్తూ అంచులు చూసింది:
ఆ ఒక్కచోటే వేలి మరకలు,
ముందంతా తెలుపు.

రాత్రి, చెరకుపిప్పి మంట వెలుగులో
మనవరాలు ఫిబ్బా
అంటుకుపోయిన కాగితాలు విడదీసింది.
సముద్రం చీలింది.
బానిసలు తడవకుండా నడిచిపోయారు.
ముసలామె చప్పట్లు కొట్టబోయింది.

"ఆగవ్వా, ఇంకొన్ని పేజీలు తిప్పితే ఇదుంది:
దెబ్బలు తిన్న బానిస
ఒకట్రెండు రోజులు బతికితే చాలు,
దొరకు శిక్ష లేదు. వాడు దొర సొమ్మేనట."

"సముద్రాన్ని చీల్చినాయనేనా ఈ మాటన్నది?"

"అలాగే రాసుంది."

క్వాషిబా చెయ్యి వెనక్కి పోయింది,
రవిక కింద గట్టుల మీదికి.

"రాసినోడి వీపు
ఒక్కసారి చూడాలనుంది నాకు."